విల్బర్ రైట్: చదువు ఆగిపోయిన కుర్రాడు, గాలిని లెక్కగట్టిన మనిషి



పోయిన నెల మా ఏడో తరగతి పిల్లల చేత రబ్బరు బ్యాండుతో ఎగిరే చిన్న విమానాలు చేయించాను. ఒక బెంచీ దగ్గర ఇద్దరు గట్టిగా వాదించుకుంటున్నారు. అబ్బాయి ప్లాస్టిక్ ప్రొపెల్లర్‌ను వేడినీళ్లలో ముంచి, దాని బ్లేడ్లను బాగా ఏటవాలుగా మెలితిప్పాడు. అలా చేస్తే ఒక్కో చుట్టుకు విమానం ఎక్కువ దూరం పోతుందని వాడి లెక్క. పక్కనున్న అమ్మాయి మాత్రం రబ్బరు బ్యాండుకు అంత బలం ఉండదని, బ్లేడ్లు కాస్త చదునుగా ఉంటేనే చకచకా తిరుగుతాయని అంటోంది. పీరియడ్ అయిపోవస్తోంది. క్లాసులో గోల ఎక్కువైంది. నేను ఇద్దర్నీ ఆపి, కిట్‌లో వచ్చింది వచ్చినట్టు పెట్టుకోమని చెప్పేశాను.

అదే వారం పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి వచ్చి కూర్చున్నారు. జబ్బు చేసి వాళ్లబ్బాయి నెలల తరబడి స్కూలుకు రాలేదు. ఈ ఏడాది పోయినట్టేనా మేడమ్ అని అడిగారు. సిలబస్ ఎంత మిగిలిందో చెప్పగలిగాను కానీ, ఆమె అడిగింది అది కాదని నాకూ తెలుసు.

ఆ రెండు విషయాలూ మనసులో పెట్టుకుని ఈ నెల విల్బర్ రైట్ జీవితం రాస్తున్నాను. రైట్ సోదరులు విమానం కనిపెట్టారని మనమందరం చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ ఇద్దరిలో పెద్దవాడు ఒకప్పుడు చదువు ఆగిపోయి మూడేళ్లు ఇంట్లోనే ఉండిపోయాడని, ఆ విమానానికి ప్రొపెల్లర్ ఎలా చెక్కాలో తెలియక అన్నదమ్ములు వారాల తరబడి కేకలేసుకున్నారని మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు.

పుస్తకాలున్న ఇల్లు

విల్బర్ పుట్టింది 1867 ఏప్రిల్ 16న, అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిల్‌విల్ అనే పల్లె దగ్గర. తండ్రి మిల్టన్ రైట్ క్రైస్తవ మతాచార్యుడు, తర్వాత బిషప్ అయ్యారు. ఉద్యోగరీత్యా ఊళ్లు తిరుగుతూ ఉండేవారు. కుటుంబం కూడా ఊరు మారుతూ ఉండేది. తల్లి సుసాన్ ఒక బండ్లు తయారుచేసే ఆయన కూతురు. తండ్రి పనిశాలలో పెరిగిన మనిషి కావడంతో ఆమెకు పనిముట్లు వాడటం బాగా వచ్చు. పిల్లలకు బొమ్మలు, మంచు మీద జారే బండి ఆమే చేసి ఇచ్చేవారట. ఇంట్లో ఏదైనా పాడైతే పిల్లలు వెళ్లేది అమ్మ దగ్గరికే.

పెద్దబ్బాయి రూక్లిన్, రెండోవాడు లోరిన్, మూడోవాడు విల్బర్. విల్బర్ కంటే నాలుగేళ్లు చిన్నవాడు ఆర్విల్. ఆ తర్వాత చెల్లెలు క్యాథరిన్. ఇంటి నిండా పుస్తకాలు. మతగ్రంథాలతో పాటు చరిత్ర, సైన్స్, విజ్ఞాన సర్వస్వాలు కూడా ఉండేవి. ఏది చదవాలన్నా పిల్లలకు అడ్డు లేదు.

1878లో తండ్రి ఒక బొమ్మ తెచ్చారు. బెండు, వెదురు, కాగితంతో చేసిన చిన్న హెలికాప్టర్ అది. రబ్బరు బ్యాండు మెలితిప్పి వదిలితే ఇంటి పైకప్పు దాకా ఎగిరేది. అల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి ఆయన రూపొందించిన బొమ్మ. అప్పటికి విల్బర్‌కు పదకొండేళ్లు, ఆర్విల్‌కు ఏడేళ్లు. అది విరిగిపోతే తామే మళ్లీ చేసుకున్నారు. ఇంకా పెద్దది చేస్తే ఇంకా బాగా ఎగురుతుందనుకుని పెద్దవి చేశారు. అవి ఎగరలేదు. సైజు పెంచితే బలం ఎంత పెంచాలో ఆ వయసులో వాళ్లకు తెలియదు. అయినా ఆ బొమ్మ వల్లే తమకు ఈ ఆసక్తి మొదలైందని పెద్దయ్యాక కూడా చెప్పుకున్నారు.

మన పిల్లలు బొమ్మ విప్పేస్తే మనకు కోపం వస్తుంది. నాకూ వస్తుంది. అయితే ఆ ఇంట్లో విరిగిన బొమ్మతో ఏం జరిగిందో మాత్రం గుర్తు పెట్టుకుందాం.

ముఖం మీద పడ్డ దెబ్బ

విల్బర్ చదువులో బాగా ముందుండేవాడు. ఆటల్లోనూ చురుకే. 1884లో హైస్కూల్ పూర్తయ్యే సమయానికి కుటుంబం రిచ్‌మండ్ ఊరు వదిలి ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కు ఉన్నపళంగా మారాల్సి వచ్చింది. చదువంతా పూర్తయినా పట్టా చేతికి రాలేదు. డేటన్‌లో మళ్లీ కొన్ని సబ్జెక్టులు చదివాడు. యేల్ యూనివర్సిటీకి పంపాలని ఇంట్లో ఆలోచన.

1885-86 చలికాలంలో మంచు మీద హాకీ ఆడుతుంటే ఒక కుర్రాడి కర్ర విల్బర్ ముఖానికి తగిలింది. ముందు పళ్లు ఊడిపోయాయి. పైకి కనిపించే గాయం నెమ్మదిగా మానింది. ఆ తర్వాత గుండె దడ, జీర్ణం కాకపోవడం, ఎప్పుడూ నీరసం. ఇక యేల్ మాట ఎవరూ ఎత్తలేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు.

అదే సమయంలో తల్లికి క్షయ ముదిరింది. తండ్రి ఊళ్లు తిరగక తప్పదు. తల్లిని చూసుకునే పని విల్బర్ తీసుకున్నాడు. రోజూ పొద్దున ఆమెను ఎత్తుకుని మేడ మీది నుంచి కిందికి తెచ్చి, రాత్రికి మళ్లీ పైకి చేర్చేవాడు. మిగతా సమయమంతా తండ్రి పుస్తకాల గదిలో గడిపేవాడు. దూరాన ఉన్న అన్న లోరిన్ చెల్లెలికి ఉత్తరం రాస్తూ, విల్బర్ ఏం చేస్తున్నాడు, ఇంకా వంటింటి పనిలోనే ఉన్నాడా అని ఆదుర్దా పడ్డాడు. మన ఇళ్లలో బాబాయిలు, మేనమామలు ఫోన్ చేసి అడిగే ప్రశ్న లాంటిదే.

1889 జులై 4న తల్లి చనిపోయారు. అప్పటికి విల్బర్‌కు ఇరవై రెండేళ్లు. చేతిలో పట్టా లేదు, ఉద్యోగం లేదు. ఈ మూడేళ్లను మనం ఏమని పిలుస్తాం? గ్యాప్ అంటాం. అప్లికేషన్‌లో ఖాళీగా ఉండిపోయే గడి అది. కానీ ఆ గడి లోపల ఏం జరిగిందో చూస్తే, ఒక యువకుడు ఒంటరిగా కూర్చుని చదవడం, చదివినదాన్ని ప్రశ్నించడం, ఓపికగా ఒక మనిషిని కనిపెట్టుకుని ఉండటం నేర్చుకున్నాడు.

అచ్చుయంత్రం, సైకిళ్లు

ఆర్విల్ చిన్నప్పటి నుంచీ అచ్చుపని పిచ్చోడు. తమ్ముడు సొంతంగా చేసుకున్న ప్రెస్సు మీద 1889లో ఇద్దరూ కలిసి ఒక స్థానిక వార్తాపత్రిక నడిపారు. విల్బర్ సంపాదకుడు. అలా అన్న మళ్లీ మనుషుల్లోకి వచ్చారు. 1892లో ఊరంతా సైకిళ్ల మోజులో ఉంటే, అన్నదమ్ములు సైకిళ్లు అమ్మి, రిపేరు చేసే షాపు పెట్టారు. 1896 నుంచి సొంత సైకిళ్లు తయారుచేశారు.

ఆ ఏడాదే రెండు సంఘటనలు. ఆర్విల్‌కు టైఫాయిడ్ వచ్చి వారాల తరబడి మంచం పట్టాడు. జర్మనీలో గ్లైడర్ల మీద ఎగిరే ఒట్టో లిలియెంతాల్ కింద పడి చనిపోయారు. ఆ వార్త విల్బర్‌లో పాత ఆసక్తిని లేపింది. 1899 మే 30న ఆయన వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, ఎగరడం మీద ఉన్న పుస్తకాలు, వ్యాసాలు పంపమని అడిగారు. వాళ్లు కొన్ని చిన్న పుస్తకాలు, చదవాల్సిన వాటి జాబితా పంపారు. పట్టా లేని సైకిల్ షాపు ఓనరు చదువు అక్కడ మళ్లీ మొదలైంది.

అప్పటి వాళ్లలో చాలామంది బలమైన ఇంజన్ ఉంటే చాలనుకున్నారు. విల్బర్ ఆలోచన వేరు. సైకిల్ తొక్కడం వచ్చినవాడికి తెలుసు, కష్టం బ్యాలెన్స్‌లో ఉంది. ఒకరోజు షాపులో ఒక ఖాళీ ట్యూబు డబ్బాను చేతుల్లో మెలితిప్పుతూ, రెక్కల్ని కూడా ఇలాగే మెలితిప్పితే విమానాన్ని పక్కకు వాల్చవచ్చని ఆయనకు తట్టింది. ఆ వేసవిలోనే గాలిపటం మీద ప్రయత్నించి చూశారు. పనిచేసింది.

పుస్తకంలో అంకెలు తప్పైతే?

1900లో అన్నదమ్ములు నార్త్ కరోలినా తీరంలోని కిట్టీ హాక్‌కు వెళ్లారు. బాగా గాలి, పడినా దెబ్బ తగలని ఇసుక. 1901లో మరింత పెద్ద గ్లైడర్ తీసుకెళ్లారు. అప్పటికి అందుబాటులో ఉన్న పట్టికల ప్రకారం అది ఎంత బరువు లేపాలో, అంత లేపలేదు. తిరిగి వచ్చేటప్పుడు విల్బర్ పూర్తిగా నిరాశపడ్డారు. తన జీవితకాలంలో మనిషి ఎగరడం చూడలేననుకున్నారు.

ఇంటికొచ్చాక తప్పు తమ లెక్కలోనా, పట్టికలోనా తేల్చుకోవాలనుకున్నారు. షాపులోనే ఆరడుగుల పొడవున చెక్క పెట్టె కట్టి, ఒక చివర ఫ్యాను పెట్టి, లోపలికి గాలి పంపారు. హాక్సా బ్లేడ్లు, సైకిల్ చువ్వలతో సున్నితమైన తూకాలు చేసుకున్నారు. సుమారు 200 రెక్కల నమూనాలు ఆ గాలిలో పెట్టి కొలిచారు. ఏ వంపుకు, ఏ కోణానికి గాలి ఎంత లేపుతుందో వాళ్ల దగ్గర సొంత అంకెలు తయారయ్యాయి. ఆ అంకెలతో చేసిన 1902 గ్లైడర్ చెప్పినట్టు విన్నది. వందల సార్లు ఎగిరారు.

మిగిలింది రెండే అనుకున్నారు. ఒక ఇంజన్, ఒక ప్రొపెల్లర్. రెండోది సులువని వాళ్ల ధీమా.

ప్రొపెల్లర్ దగ్గర చిక్కుముడి

ఓడలకు ప్రొపెల్లర్లు వచ్చి అప్పటికి దశాబ్దాలు గడిచాయి. కాబట్టి ఓడల ఇంజనీర్ల పుస్తకాల్లో సూత్రం దొరుకుతుందని, నీటి బదులు గాలి అంకెలు వేసుకుంటే సరిపోతుందని విల్బర్ లైబ్రరీకి వెళ్లారు. అక్కడ పనికొచ్చే సూత్రం లేదు. ఓడల వాళ్లు ఒకటి పెట్టి చూసి, బాగా లేకపోతే మార్చి ఇంకొకటి పెట్టి పని జరుపుకునేవారు. ఓడకు అది సరిపోతుంది. వాళ్ల దగ్గరున్న చిన్న ఇంజన్‌తో, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో, ఒకదాని తర్వాత ఒకటి చెక్కుతూ పోవడం అన్నదమ్ములకు కుదరదు.

ఇక్కడ పిచ్ అంటే ఏమిటో చెప్పాలి. చెక్కలోకి స్క్రూ బిగిస్తున్నారనుకోండి. ఒక్క చుట్టు తిప్పితే అది కొంత లోపలికి దిగుతుంది. మరలు దగ్గర దగ్గరగా ఉంటే కొంచెమే దిగుతుంది, దూరంగా ఉంటే ఎక్కువ దిగుతుంది. ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు అలా ఎంత ముందుకు పోవాలో ఆ దూరమే పిచ్. బ్లేడ్లు ఎంత ఏటవాలుగా ఉంటే పిచ్ అంత ఎక్కువ. అయితే గాలి చెక్కలా గట్టిగా ఉండదు. జారిపోతుంది. కాబట్టి స్క్రూ లెక్క అక్కడ సగమే పనిచేస్తుంది.

అన్నదమ్ములకు దొరికిన దారి వేరే. ప్రొపెల్లర్ బ్లేడు అంటే గుండ్రంగా తిరుగుతున్న రెక్కే కదా అనుకున్నారు. విమానం రెక్క ముందుకు పోతూ పైకి లేపే బలాన్నిస్తుంది. అదే రెక్కను నిలువుగా తిప్పితే ఆ బలం విమానాన్ని ముందుకు నెడుతుంది. రెక్కల గురించి వాళ్ల దగ్గర పెట్టె నిండా సొంత అంకెలున్నాయి. అంటే ప్రొపెల్లర్‌కు కావాల్సిన అంకెలు కూడా వాళ్ల దగ్గరున్నట్టే.

చెప్పినంత తేలిక కాదు. విమానం కదులుతోంది, బ్లేడు తిరుగుతోంది, గాలి వెనక్కి పోతోంది. ఏదీ నిలకడగా లేదు. దేన్నుంచి లెక్క మొదలుపెట్టాలి? దీని మీద ఇద్దరూ రోజుల తరబడి వాదించుకున్నారు. షాపులో, ఇంట్లో, గొంతులు పెంచి. చెల్లెలు క్యాథరిన్ విసిగిపోయేది. తర్వాత ఆర్విల్ చెప్పిన విశేషం ఏమిటంటే, గంటసేపు వాదించుకున్నాక చూసుకుంటే ఇద్దరూ పక్షాలు మారిపోయి ఉండేవారు. అన్న తమ్ముడి మాట ఒప్పుకునేవాడు, తమ్ముడు అన్న మాట ఒప్పుకునేవాడు. వాదన మాత్రం తెగేది కాదు. వాళ్లు గెలవడానికి వాదించలేదు. నిజం ఎటుందో తేల్చుకోవడానికి వాదించారు.

చివరికి వాళ్ల నోటు పుస్తకాలు లెక్కలతో నిండాయి. మనం ఇంట్లో చేయదగ్గ చిన్న లెక్కతో అందులో ఒక ముక్క చూద్దాం. విమానం గాలిలో గంటకు 30 మైళ్ల వేగంతో పోవాలి. అంటే నిమిషానికి 2640 అడుగులు. ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది. భాగిస్తే ఒక్కో చుట్టుకు విమానం ఏడున్నర అడుగులు ముందుకు పోతోంది. ప్రొపెల్లర్ వ్యాసం ఎనిమిదిన్నర అడుగులు. కాబట్టి ఒక్క చుట్టులో బ్లేడు కొస దాదాపు 26.7 అడుగులు గుండ్రంగా తిరుగుతుంది. అదే సమయంలో బ్లేడు మధ్య భాగం అందులో సగమే, అంటే సుమారు 13.4 అడుగులు తిరుగుతుంది. ముందుకు పోయేది మాత్రం రెండూ అదే ఏడున్నర అడుగులు. కాబట్టి కొస వెళ్లే దారి వాలు సుమారు 16 డిగ్రీలు, మధ్య భాగం వెళ్లే దారి వాలు సుమారు 29 డిగ్రీలు. ప్రతి చోటా బ్లేడు ఆ దారి వాలు కంటే కొద్దిగా ఎక్కువ కోణంలో ఉంటేనే గాలిని సరిగ్గా పట్టుకుంటుంది. అందుకే బ్లేడు మొదట్లో నిటారుగా, కొస వైపు చదునుగా మెలితిరిగి ఉంటుంది. మీ ఇంట్లో టేబుల్ ఫ్యాను ఆపి దాని రెక్కను మొదటి నుంచి చివరి దాకా చూడండి. ఆ మెలిక కనిపిస్తుంది.

కర్ర చెక్కే పని కూడా వాళ్లదే. స్ప్రూస్ పలకల్ని ఒకదాని మీద ఒకటి అతికించి, చిన్న గొడ్డలితోను, రెండు చేతులతో లాగే కత్తితోను చెక్కారు. ఒకటి కాదు, రెండు ప్రొపెల్లర్లు. రెండూ ఒకే వైపు తిరిగితే విమానం పక్కకు వాలే ప్రమాదం ఉంది కనుక ఎదురెదురు దిశల్లో తిరిగేలా పెట్టారు. ఇంజన్ నుంచి వాటికి బలం పంపింది సైకిళ్లకు ఉండే లాంటి చెయిన్లే. ఒక చెయిన్‌ను ఎనిమిది అంకెలా మెలేసి తగిలిస్తే ఆ ప్రొపెల్లర్ రెండో వైపు తిరిగింది. ఇంజన్ దాదాపు మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగేలా పళ్ల చక్రాలు కుదిర్చారు. పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పితే తక్కువ బలంతో ఎక్కువ పని జరుగుతుందని వాళ్లకు అర్థమైంది. ఇంజన్ చేసింది షాపులో పనిచేసే చార్లీ టేలర్, ఆరు వారాల్లో. దాని బలం సుమారు 12 హార్స్‌పవర్. ఈరోజు మన స్కూలు బయట ఆగే బైకుల్లో చాలావాటికి అంతో, అంతకంటే కాస్త తక్కువో ఉంటుంది.

అంత చిన్న ఇంజన్‌తో ఎగరాలంటే ప్రొపెల్లర్ ఏ మాత్రం వృథా చేయకూడదు. ఇంజన్ ఇచ్చే బలంలో 66 శాతం దాకా ప్రొపెల్లర్ పనికి మారుస్తుందని వాళ్లు లెక్కగట్టారు. మన కాలంలో అదే నమూనాను మళ్లీ చేసి పరీక్షిస్తే 75 శాతం దాకా వచ్చింది. నేటి చిన్న విమానాల చెక్క ప్రొపెల్లర్లు కూడా దీనికంటే మరీ ఎక్కువేమీ దాటవు.

ఈరోజుకీ అదే ప్రశ్న

ఇప్పుడు శిక్షణకు వాడే చిన్న విమానాల్లో చాలావాటికి కోణం మారని ప్రొపెల్లరే ఉంటుంది. దాన్ని రెండు అంకెలతో చెబుతారు. ఒకటి వ్యాసం, రెండోది పిచ్. పిచ్ ఎంచుకోవడం అంటే సైకిల్‌కు ఒకే ఒక్క గేరు ఎంచుకోవడం లాంటిది. తక్కువ పిచ్ అంటే ఎత్తు ఎక్కే గేరు. ఇంజన్ తొందరగా పూర్తి చుట్లు అందుకుంటుంది, చిన్న రన్‌వే మీది నుంచి కూడా చురుగ్గా లేస్తుంది. కానీ దూరప్రయాణంలో ఇంజన్ ఊరికే గిరగిరా తిరుగుతుంది, వేగం పెరగదు. ఎక్కువ పిచ్ అంటే చదునైన రోడ్డు గేరు. పైకి వెళ్లాక హాయిగా వేగంగా పోతుంది. కానీ లేచేటప్పుడు ఇంజన్ భారంతో మూలుగుతుంది, పూర్తి బలం ఇవ్వలేదు, రన్‌వే చాలకపోవచ్చు. అందుకే విమానం ఎక్కడి నుంచి లేవాలి, ఎంత బరువు మోయాలి, ఎంత దూరం పోవాలి అని ముందు అడిగి, తర్వాత పిచ్ చూస్తారు. కొత్త ప్రొపెల్లర్ బిగించాక విమానాన్ని కదలకుండా ఆపి పూర్తి బలం ఇచ్చి, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, తయారీదారు చెప్పిన హద్దుల్లో ఉందో లేదో సరిచూస్తారు.

ఇది రాస్తుంటే మా క్లాసులో పిల్లలిద్దరూ గుర్తొచ్చారు. ఇద్దరూ సగం సగం కరెక్టే. నేను మరో పది నిమిషాలు ఇచ్చుంటే రెండు ప్రొపెల్లర్లూ ఎగరేసి చూసేవాళ్లు.

యాభై తొమ్మిది సెకన్లు

1903 శరదృతువులో అన్నదమ్ములు మళ్లీ కిట్టీ హాక్ చేరారు. ఇంజన్ వేయగానే కుదుపులకు ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు దెబ్బతిన్నాయి. బాగుచేసి తెచ్చాక పళ్ల చక్రాలు వదులైపోయాయి. ఎన్నిసార్లు బిగించినా నిలవలేదు. చివరికి సైకిల్ టైర్లు అంటించే జిగురు పోసి అతికిస్తే నిలిచాయి. విమానం బరువు అనుకున్నదానికంటే పెరిగి, పైలట్‌తో కలిపి 700 పౌన్లు దాటింది. ఇంత బరువుకు ప్రొపెల్లర్లు సరిపోతాయా అన్న భయం పట్టుకుంది. ఎగరడానికి సుమారు 90 పౌన్ల తోపుడు కావాలని వాళ్ల మొదటి లెక్క. కొలిచి చూస్తే 130 పౌన్లు దాటింది. ఆ రోజు వాళ్లు ఎంత ఊరట పడి ఉంటారో ఊహించుకోండి.

ఊరట ఎంతోకాలం నిలవలేదు. మళ్లీ ఒక షాఫ్ట్ పగిలింది. ఈసారి ఆర్విల్ రైలెక్కి డేటన్ వెళ్లి గట్టి ఉక్కుతో కొత్తవి చేయించుకుని డిసెంబర్ 11న తిరిగొచ్చారు. డిసెంబర్ 14న నాణెం ఎగరేస్తే విల్బర్ గెలిచారు. ముక్కు మరీ పైకెత్తడంతో మూడున్నర సెకన్లలోనే విమానం ఇసుకలో పడింది. బాగుచేశారు.

డిసెంబర్ 17 ఉదయం. ఎముకలు కొరికే చలి, ఎదురుగాలి గంటకు 20 మైళ్ల పైనే. వంతు ఆర్విల్‌ది. 12 సెకన్లు, 120 అడుగులు. నేల మీద నిలబడి చూసేవాళ్లకు అది పరుగెత్తినంత వేగమే. కానీ ఎదురుగాలి కలుపుకుంటే ప్రొపెల్లర్‌కు తెలిసిన వేగం గంటకు 30 మైళ్ల పైమాటే. లెక్క గట్టింది ఆ వేగానికే. నాలుగోసారి విల్బర్ ఎక్కారు. 59 సెకన్లు గాలిలో ఉండి 852 అడుగులు వెళ్లారు. తర్వాత కాసేపటికి పెద్ద గాలి వచ్చి నిలబెట్టిన విమానాన్ని దొర్లించి విరిచేసింది. అది మళ్లీ ఎగరలేదు. ఆ సాయంత్రం వాళ్లు తండ్రికి టెలిగ్రాం పంపారు. క్రిస్మస్‌కు ఇంటికొస్తామని కూడా అందులో రాశారు.

పగిలిన బ్లేడు

తర్వాత రెండేళ్లు డేటన్ దగ్గర హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చిక బయల్లో సాధన చేశారు. 1905లో ప్రొపెల్లర్లు లెక్క ప్రకారం పనిచేయడం లేదని గమనించారు. తిరిగేటప్పుడు గాలి ఒత్తిడికి బ్లేడ్లు మెలితిరిగి, చెక్కినప్పటి కోణం మారిపోతోందేమోనని అనుమానపడ్డారు. బ్లేడ్లకు చిన్న రేకులు తగిలించి పరీక్షించి, అనుమానం నిజమని తేల్చుకున్నారు. తర్వాత కొసలు వెనక్కి వంగిన కొత్త ఆకారం చెక్కారు. ఆ ఏడాది అక్టోబర్ 5న విల్బర్ 39 నిమిషాల పాటు 24 మైళ్లు ఎగిరారు. అయినా లోకం పెద్దగా నమ్మలేదు.

1908 ఆగస్టు 8న ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో విల్బర్ జనం ముందు ఎగిరాక నమ్మింది. కానీ సెప్టెంబర్ 17న వాషింగ్టన్ దగ్గర ఫోర్ట్ మయర్‌లో సైన్యం ముందు ఆర్విల్ ఎగురుతుంటే ఒక ప్రొపెల్లర్ బ్లేడు చీలింది. ఆ కుదుపులో అది వెనక చుక్కానిని పట్టి ఉంచే తీగకు తగిలింది. విమానం కూలింది. పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ థామస్ సెల్‌ఫ్రిడ్జ్ చనిపోయారు. ఇంజన్ విమానంలో ప్రాణం పోయిన మొదటి మనిషి ఆయనే. ఆర్విల్ కాలు, పక్కటెముకలు విరిగాయి. హైస్కూల్లో లాటిన్ చెప్పే క్యాథరిన్ సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లి అన్న పక్కనే వారాలపాటు ఉండిపోయింది. సముద్రానికి అవతల విల్బర్, తాను దగ్గరుంటే ఇలా జరిగేది కాదేమోనని కుమిలిపోయారు. అయినా నాలుగు రోజులకే మళ్లీ విమానం ఎక్కి గంటన్నర సేపు ఎగిరారు.

ప్రొపెల్లర్ గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన వాళ్లకే ప్రొపెల్లర్ పగిలింది. ఒక మనిషి ప్రాణం పోయింది. దీన్ని పిల్లలకు చెప్పకుండా దాటేయకండి. అంకెలు సరిగ్గా వేయడం ఎంత అవసరమో, వేసినదాన్ని మళ్లీ మళ్లీ సరిచూడటం కూడా అంతే అవసరమని వాళ్లకు తెలియాలి.

తండ్రి కోరిక

ఇద్దరు కొడుకులూ ఒకే విమానంలో ఎక్కవద్దని మిల్టన్ రైట్ మాట తీసుకున్నారు. ఒకేసారి ఇద్దరినీ పోగొట్టుకోలేనన్నది ఆ తండ్రి భయం. ఏళ్ల తరబడి వాళ్లు ఆ మాట నిలబెట్టుకున్నారు. 1910 మే 25న తండ్రి అనుమతితో ఒక్కసారి, కొద్ది నిమిషాలు కలిసి ఎగిరారు. అదే రోజు 81 ఏళ్ల తండ్రిని ఆర్విల్ ఎక్కించుకున్నారు. ముసలాయన భయపడలేదు సరికదా, ఇంకా పైకి తీసుకెళ్లమని కొడుకును అడిగారు.

విల్బర్ చివరి ఏళ్లు పేటెంటు కేసుల్లో, కోర్టుల చుట్టూ గడిచాయి. కొత్తగా ఏదీ చేయలేకపోతున్నానన్న బాధ ఉండేది. 1912లో టైఫాయిడ్ వచ్చింది. మే 30న డేటన్‌లోని ఇంట్లో చనిపోయారు. వయసు 45. ఆర్విల్ 1948 దాకా బతికారు.

చివరిగా ఒక్క మాట. ఊరు మారడం వల్ల విల్బర్‌కు ఆగిపోయిన ఆ హైస్కూల్ పట్టా 1994 ఏప్రిల్ 16న, ఆయన 127వ పుట్టినరోజున వచ్చింది. ఇచ్చింది రిచ్‌మండ్ హైస్కూలే. తీసుకోవడానికి ఆయన లేరు.

మీటింగ్‌లో నన్ను అడిగిన ఆ తల్లికి ఇది పూర్తి సమాధానం కాదని నాకు తెలుసు. విల్బర్‌కు జరిగినట్టే అందరికీ జరగదు. సిలబస్ పూర్తి చేయాలి, పరీక్ష రాయాలి, అందులో మేము తోడుంటాం. కానీ మంచంలో ఉన్న ఆ నెలల్లో బాబు ఏం చదివాడో, ఏం గీశాడో, ఏం అడిగాడో ఈసారి వచ్చేటప్పుడు నాకు చెప్పండి. సిలబస్ కంటే ముందు నేను అదే అడిగి ఉండాల్సింది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఒక పొడవాటి కాగితం తీసుకుని అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున 26.7 సెంటీమీటర్ల అడ్డగీత గీయండి. దాని చివర 7.5 సెంటీమీటర్ల నిలువుగీత గీసి, రెండు కొసల్నీ కలపండి. కోణమానినితో కోణం కొలవండి. ఇప్పుడు అడ్డగీత 13.4 సెంటీమీటర్లు పెట్టి మళ్లీ గీయండి. 1903 ప్రొపెల్లర్ కొస, మధ్య భాగం వెళ్లే దారి వాలులు మీ ముందు ఉంటాయి. ఆపైన ఒక ప్రశ్న వేయండి: వేగం అంతే ఉంచి చుట్లు రెట్టింపు చేస్తే కోణం పెరుగుతుందా, తగ్గుతుందా? పిల్లలు వాదించుకుంటే కాసేపు వాదించుకోనివ్వండి. ఈసారి నేను కూడా క్లాసులో ఆపను.